నెల్లూరులో గురుత్వ త్వరణం ఎంత? గుండు, దారం, గడియారంతో కొలిచే పద్ధతి

పాఠ్యపుస్తకాలలో గురుత్వ త్వరణం విలువ 9.8 మీ./సె² అని ఉంటుంది, కొన్నింటిలో 9.81 అని కూడా ఉంటుంది. ఈ రెండో విలువ ఐరోపా అక్షాంశాలకు సరిపోయేదే తప్ప నెల్లూరుకో ఒంగోలుకో చెందినది కాదు. మన తీరంలో జాగ్రత్తగా కొలిచినవారికి 9.78 దగ్గర రావాలి. ప్రయోగశాలలో 9.78 వచ్చినా, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని కాలం అంకెలను వెనక నుంచి సర్ది, 9.81 వచ్చేటట్లు రికార్డు నింపే విద్యార్థులు చాలామంది కనిపిస్తారు. వారు చేతికి వచ్చిన ఒప్పును చెరిపి తప్పును రాసుకుంటున్నారన్నమాట. మన దగ్గర ఆ విలువ 9.78 ఎందుకవుతుందో, ఇంట్లో దొరికే వస్తువులతో దానిని రెండో దశాంశ స్థానం దాకా ఎలా రాబట్టవచ్చో, అంతకు మించి వెళ్లదలచినవారికి ఏ పరికరాలు కావాలో ఇక్కడ వివరిస్తాను.

కొలిచేది దేనిని?

ద్రవ్యరాశి ఉన్న ఏ రెండు వస్తువులైనా ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. ఆ బలం రెండింటి ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమానుపాతంలోనూ, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించాడు. ఈ సూత్రంలో వచ్చే విశ్వగురుత్వ స్థిరాంకం విలువ ఎస్‌ఐ ప్రమాణాలలో 6.674 × 10⁻¹¹. ఇది ఎంత చిన్న సంఖ్య అంటే, 50 కిలోల సిమెంటు బస్తాలు రెండింటిని కేంద్రాల మధ్య ఒక మీటరు ఎడం ఉండేటట్లు పెడితే, అవి ఒకదాన్నొకటి లాగే బలం ఒక మిల్లీగ్రాములో అరవయ్యో వంతు బరువుకు సమానంగా ఉంటుంది. ఇంత స్వల్పమైన బలాన్ని 1798లోనే కావెండిష్ ఒక సన్నని తీగకు వేలాడదీసిన కడ్డీ మెలిక ద్వారా కొలిచి, భూమి సగటు సాంద్రత నీటి సాంద్రతకు సుమారు ఐదున్నర రెట్లని తేల్చాడు.

మనం ఇంట్లో కొలవబోయేది ఆ స్థిరాంకాన్ని కాదు. భూమి తన ఉపరితలం మీద ఉన్న వస్తువును ఎంత త్వరణంతో కిందికి లాగుతుందో దానిని కొలుస్తాం. భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు, సగటు వ్యాసార్థం 6371 కిలోమీటర్లు. ఈ రెండింటిని న్యూటన్ సూత్రంలో ప్రతిక్షేపిస్తే 9.82 మీ./సె² వస్తుంది. లాగబడే వస్తువు ద్రవ్యరాశి లెక్కలో కొట్టివేయబడుతుంది కాబట్టి, గాలి అడ్డు లేకపోతే గోలీ అయినా బండరాయి అయినా ఒకే త్వరణంతో పడతాయి. ఒక కిలో ద్రవ్యరాశి మీద భూమి చూపే బలం న్యూటన్లలో ఎంతో, త్వరణం కూడా అంకెలలో అంతే ఉంటుంది. అందువల్ల త్వరణాన్ని కొలిస్తే గురుత్వ బలం తీవ్రతను కొలిచినట్లే.

ఇక 9.82 అని లెక్కకు వచ్చినది మన దగ్గర 9.78కి తగ్గడానికి రెండు కారణాలున్నాయి. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల లాగుడులో కొంత భాగం వస్తువును ఆ వృత్తంలో తిప్పడానికే ఖర్చవుతుంది. భూమధ్యరేఖ వద్ద ఈ తగ్గుదల 0.034 మీ./సె². పైగా భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంది: భూమధ్యరేఖ వద్ద వ్యాసార్థం 6378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6357. అందుచేత సముద్రమట్టం వద్ద భూమధ్యరేఖ మీద 9.780, ధ్రువాల మీద 9.832 ఉంటుంది. మధ్యలో ఉన్న ఏ ఊరికైనా దాదాపు సరైన విలువ కావాలంటే, ఆ ఊరి అక్షాంశపు సైన్ విలువను వర్గం చేసి, 0.0519తో గుణించి, 9.7803కు కలిపితే చాలు. నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు, లెక్క 9.7835 అని తేలుతుంది. ఒంగోలు 15.5 డిగ్రీల వద్ద ఉంది; అక్కడ 9.7840. రెండూ సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లే కాబట్టి ఎత్తు కోసం చేయవలసిన సవరణ పట్టించుకోదగినది కాదు. ఉదయగిరి దుర్గం వంటి చోటికి ఎక్కితే మాత్రం లెక్క మారుతుంది. ఎక్కిన ప్రతి మీటరుకూ 0.000003 మీ./సె² చొప్పున తగ్గుతూ పోతుంది, కాని కాళ్ల కింద ఉన్న కొండ తన వంతుగా లాగడం వల్ల ఆ తగ్గుదలలో కొంత భాగం తిరిగి పూడుతుంది.

వస్తువుల ఎంపిక

ఎత్తు నుంచి రాయిని వదిలి పడే కాలాన్ని కొలవడమే తేలిక కదా అనిపించవచ్చు. మూడు మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి 0.78 సెకనులో నేలను తాకుతుంది. చేత్తో గడియారం నొక్కేవారికి పదోవంతు సెకను అటూ ఇటూ కావడం సహజం. ఆ కాస్త తేడాకే జవాబు నాలుగోవంతు దాకా తారుమారవుతుంది. దారానికి కట్టి ఊగనిచ్చే గుండులో, అంటే లోలకంలో, ఈ చిక్కు లేదు. ఒకే కదలికను వందసార్లు తిరిగి తిరిగి చేయించి మొత్తం కాలాన్ని వందతో భాగిస్తాం కాబట్టి, నొక్కడంలో వచ్చే తేడా కూడా వందో వంతు అవుతుంది.

గుండు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకోవడానికి దారానికి కట్టి వదిలే గుండు ఈ పనికి బాగా సరిపోతుంది. ఇనుపదైనా ఇత్తడిదైనా పావుకిలోకు తక్కువ కాకుండా ఉంటే చాలు. తేలికైన వస్తువును గాలి తొందరగా ఆపేస్తుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాలలో ఉండేవారు సీసపు గుండు దొరికితే దానిని వాడుకోవచ్చు, సాంద్రత ఎక్కువ కావడం వల్ల అది ఇంకా మేలు. మేస్త్రీ గుండు కింది కొన సూదిగా ఉంటుంది కాబట్టి దాని గరిమనాభి ఎక్కడుందో చూసి చెప్పలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ అభ్యంతరం లేకుండా చేసే ఉపాయం ఒకటుంది, లెక్క దగ్గర చెబుతాను.

దారం విషయంలో కొంత శ్రద్ధ అవసరం. గాలానికి వాడే నైలాన్ తీగ నున్నగా, సన్నగా ఉండి చేతికి బాగుంటుంది గాని బరువుకు సాగుతుంది. పురికొస మెలికలు విప్పుకుంటూ గుండును గుండ్రంగా తిప్పుతుంది. దర్జీలు జీన్సు కుట్టడానికి వాడే మందపాటి పాలిస్టర్ దారం ఈ రెండింటికన్నా నమ్మదగినది. ఏ దారమైనా సరే, ముందు రోజు సాయంత్రమే గుండును కట్టి వేలాడనిచ్చి, సాగవలసినంత సాగిన తరువాత, మరునాడు పొద్దున్నే కొలవడం మంచిది. పొద్దున అని చెప్పడానికి వేరే కారణం కూడా ఉంది: మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే కిటికీలు మూసినా దారం నిలకడగా ఉండదు, ఫ్యాను ఆపి ఆ ఉక్కలో వంద ఊగులు లెక్కపెట్టడం ఎవరికైనా కష్టమే. కరెంటు పోయిన పూట ఈ పనికి అనువైనదని చెప్పవచ్చు.

దారాన్ని పైన పట్టి ఉంచే చోటు అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామంది మేకుకు ముడివేసి వదిలేస్తారు. అలా చేస్తే లోలకం ఊగినప్పుడల్లా ముడి మేకు మీద దొర్లుతుంది, ఊగే పొడవు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోతుంది. ఫ్యాను కొక్కెం కూడా ఇదే కారణంతో పనికిరాదు. అంచులు పదునుగా ఉన్న రెండు చదును ఇనుప ముక్కల మధ్య దారాన్ని నొక్కిపెట్టి, ఆ ముక్కలను వడ్రంగుల క్లాంపుతో ద్వారబంధం పైచెక్కకు బిగించాలి. దారం ఇనుప ముక్కల కింది అంచు దగ్గరే వంగుతుంది కాబట్టి పొడవు అక్కడి నుంచి మొదలవుతుంది. గుండు ఊగేటప్పుడు పైచెక్క మీద వేలు ఆనించి చూడండి. వేలికి ఏమాత్రం కదలిక తెలిసినా చోటు మార్చాలి. బల్ల అంచూ ప్లాస్టిక్ కుర్చీ వీపూ ఈ పరీక్షకు నిలవవు.

పొడవు, కాలం

పొడవును గుండు వేలాడుతుండగానే కొలవాలి, దారాన్ని విప్పి నేల మీద పరచి కాదు. ఉక్కు టేపు కొసన ఉండే కొక్కెం కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది; అది మిల్లీమీటరు తేడాకు చాలు. అందుచేత టేపులోని 10 సెంటీమీటర్ల గీతను ఇనుప అంచుకు పట్టించి, కింద చదివిన అంకె నుంచి 10 తీసివేయాలి. కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక మీటరు లోలకంలో ఒక మిల్లీమీటరు తప్పు జరిగితే జవాబులో 0.01 మీ./సె² తప్పు వస్తుందని గుర్తుంటే ఈ జాగ్రత్తలు అతిగా తోచవు.

గుండు వెనక గోడ మీద, అది కదలకుండా వేలాడేచోట, సుద్దతో ఒక నిలువు గీత గీయండి. లెక్క మొదలుపెట్టేదీ ముగించేదీ గుండు ఆ గీతను దాటే క్షణంలోనే. ఊగు చివరలో గుండు కాసేపు ఆగినట్లు కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఏ క్షణం సరైనదో కన్ను తేల్చుకోలేదు. మధ్యలో వేగం అత్యధికం కనుక దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. ఎడమ నుంచి కుడికి దాటినప్పుడు మొదలుపెడితే, మళ్లీ ఎడమ నుంచి కుడికే దాటినప్పుడు ఒక డోలనం పూర్తయినట్లు. ఎదురు దిశలో దాటినది లెక్కలోకి రాదు.

గుండును చేత్తో వదిలితే తెలియకుండానే పక్కకు చిన్న తోపు పడుతుంది, అప్పుడది గీత వెంట కాక కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. దీనికి పాత ప్రయోగశాలల మందే మంచిది. గుండుకు ఇంకొక సన్నని దారం కట్టి, పక్కకు లాగి, ఏదైనా కడ్డీకి కట్టివేసి, గుండు పూర్తిగా నిశ్చలమైన తరువాత ఆ దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాలి. నైలాన్ అయితే కరిగి సాగుతుంది కనుక ఈ పక్క దారం మాత్రం నూలుదై ఉండాలి. లాగే దూరం తక్కువగా ఉండాలి: ఒకటిన్నర మీటరు లోలకానికి 13 సెంటీమీటర్లు, అరమీటరు లోలకానికి 4 సెంటీమీటర్లకు మించకూడదు. ఇది సుమారు 5 డిగ్రీల కోణం. మనం వాడబోయే సూత్రం చిన్న కోణాలకే చెల్లుతుంది. ఊగు మొత్తం 5 డిగ్రీల వద్దే సాగినా జవాబు 0.01 తగ్గుతుంది, 10 డిగ్రీలకు 0.04 తగ్గుతుంది, 20 డిగ్రీలకు 0.15 దాకా పడిపోతుంది. చూసేవారికి ముచ్చటగా ఉంటుందని పెద్ద ఊపు ఇచ్చినవారికి 9.6లే మిగులుతాయి.

మొదటి రెండు మూడు ఊగులను వదిలేసి, గుండు గీతను దాటుతుండగా "మూడు, రెండు, ఒకటి, సున్నా" అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ, సున్నా దగ్గర గడియారాన్ని నొక్కాలి. మొదటి దాటుకు "ఒకటి" అనేవారి చేతిలో ప్రయోగం అక్కడే చెడుతుంది. వంద దాకా లెక్కపెట్టడం తేలికే గాని, తెలుగులో "డెబ్బైతొమ్మిది, ఎనభైయెనిమిది" అని నోటితో అనేసరికి అరమీటరు లోలకం తరువాతి డోలనానికి వచ్చేస్తుంది. అందుకని ఒకటి నుంచి పది దాకా మాత్రమే అనుకుంటూ, ప్రతి పదికీ పక్కనున్నవారి చేత కాగితం మీద ఒక గీత పెట్టించడం సుఖం. పది గీతలు పూర్తయిన క్షణంలో గడియారం ఆపాలి. ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. దాని తెర మీద కనిపించే వందో వంతు సెకన్లను మాత్రం నమ్మవద్దు, వేలికి అంత నైపుణ్యం ఉండదు. ఒక్కో పొడవుకు కనీసం నాలుగైదు సార్లు కొలిచి సగటు తీసుకోవాలి. వాటిలో ఒకటి మిగతావాటికి రెండు సెకన్ల దూరంలో ఉంటే అది లెక్క తప్పినదని అర్థం. దానిని సగటులో కలపకుండా మళ్లీ కొలవాలి.

లెక్క

మామూలు లోలకానికి సూత్రం ఇది: మీటర్లలో ఉన్న పొడవును 39.478తో గుణించి, ఒక డోలనానికి పట్టే కాలపు వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది. 39.478 అంటే π (3.1416) వర్గానికి నాలుగు రెట్లు. నెల్లూరులో సరిగ్గా ఒక మీటరు లోలకం 50 డోలనాలకు 100.44 సెకన్లు తీసుకోవాలి. మీ గడియారం 100.4 చూపితే జవాబు 9.79 అవుతుంది, 100.5 చూపితే 9.77 అవుతుంది. కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి కాలంలోని తప్పు జవాబులో రెట్టింపవుతుంది. డోలనాల సంఖ్యను 50తో సరిపెట్టుకోకుండా వందకు పెంచమనడం ఇందుకే.

ఇక గరిమనాభి సంగతి. పొడవును నిజానికి గుండు గరిమనాభి దాకా కొలవాలి, మేస్త్రీ గుండులో అదెక్కడుందో తెలియదు. కాబట్టి దాని జోలికే పోకుండా రెండు పొడవులతో కొలవాలి. ఇనుప అంచు నుంచి గుండు మీద ఏదో ఒక గుర్తు దాకా, అంటే ముడి దాకా అనుకుందాం, మొదట పొడవుగా పెట్టి కొలవండి. తరువాత దారాన్ని పైకి లాగి బిగించి, అదే గుర్తు దాకా పొట్టిగా చేసి కొలవండి. గరిమనాభి ముడికి ఎంత కిందుగా ఉన్నా ఆ దూరం రెండుసార్లూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. రెండు పొడవుల తేడాను 39.478తో గుణించి, రెండు ఆవర్తన కాలాల, అంటే ఒక్కో డోలనానికి పట్టే కాలాల, వర్గాల తేడాతో భాగించాలి. కాలాలను విడివిడిగా వర్గం చేసి ఆపైన తీసివేయాలే గాని, తీసివేసి వర్గం చేయకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. లోలకం అసలు పొడవు మొదట 1.5 మీటర్లు, తరువాత 0.5 మీటర్లు ఉందనుకుందాం. తేడా సరిగ్గా ఒక మీటరు. నెల్లూరులో మొదటిదానికి 100 డోలనాలు 246.0 సెకన్లలోనూ, రెండోదానికి 142.0 సెకన్లలోనూ ముగియాలి. అంటే ఆవర్తన కాలాలు 2.460, 1.420 సెకన్లు, వాటి వర్గాలు 6.0516, 2.0164, తేడా 4.0352. 39.478ని దీనితో భాగిస్తే 9.783 వస్తుంది. అయితే 246.0కు బదులు 246.1 చదివి ఉంటే జవాబు 9.77 అయ్యేది. కాబట్టి 9.783 అని మూడు దశాంశాలు రాసుకుని సంతోషించడం సరికాదు, 9.78 అని రాసి, పక్కన 0.02 అటూ ఇటూ కావచ్చని చేర్చడమే సరైన పద్ధతి. ఈ చేర్పు లేని జవాబును కొలతగా నేను ఒప్పుకోను.

జవాబు బాగా పక్కకు పోయినప్పుడు, అది ఎటు ఎంత పోయిందో చూస్తే జరిగిన తప్పేమిటో చాలాసార్లు పట్టుకోవచ్చు. ఒక మీటరు లోలకాన్ని 50 డోలనాలకు కొలిచినప్పుడు 10.19 వచ్చిందంటే 49 డోలనాలనే 50గా లెక్కపెట్టారని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు, 9.40 వస్తే 51 పూర్తయ్యాక ఆపారు. గుండ్రని గుండు వాడి ఒకే పొడవుతో లెక్క కట్టినవారికి 9.59 వస్తే, వారు గుండు పైభాగం దాకా కొలిచి రెండు సెంటీమీటర్ల వ్యాసార్థాన్ని కలపడం మరచారు, 9.98 వస్తే గుండు అడుగు దాకా కొలిచారు. ప్రతిసారీ కొద్దిగా తక్కువే వస్తుంటే ఊపు ఎక్కువైందేమో, పైన పట్టు కదులుతోందేమో చూసుకోవాలి. ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వస్తుంటే మాత్రం అది వేలి తప్పే. ఎక్కువసార్లు కొలవడమే దానికి విరుగుడు.

ఫోనులో ఉండే త్వరణమాపకంతో నేరుగా చదవవచ్చు కదా అని అడిగేవారుంటారు. ఫిఫాక్స్ వంటి ఉచిత యాప్‌లో ఆ అంకె కనిపిస్తుంది, కాని ఫోనుకూ ఫోనుకూ తేడా ఉంటుంది. చదునైన బల్ల మీద తెర పైకి ఉండేలా పెట్టి ఒకసారి, బోర్లించి ఒకసారి చదివి, గుర్తులను వదిలేసి రెండింటి సగటు తీసుకుంటే సున్నా తప్పు తొలగిపోతుంది. మిగతా తప్పు అలాగే ఉంటుంది. ఒక చూపుకు పనికివస్తుందే గాని లోలకానికి సాటి రాదు.

త్రాసుల సంగతి

రెండు పళ్లాల త్రాసు గురుత్వాన్ని కొలవదు. రెండు వైపులా ఒకే గురుత్వం పనిచేస్తుంది కాబట్టి అది ద్రవ్యరాశులను పోల్చి చెబుతుంది, ఎక్కడైనా ఒకే జవాబిస్తుంది. స్ప్రింగ్ త్రాసు, ఎలక్ట్రానిక్ కాటా అలా కాదు. అవి బలాన్ని కొలిచి, దానిని గ్రాములుగా మార్చి చూపుతాయి. ఢిల్లీలో గురుత్వ త్వరణం 9.791 ఉంటుంది. అక్కడ సరిచేసిన కాటాను మళ్లీ సరిచూడకుండా నెల్లూరు బంగారు అంగడిలో పెడితే 100 గ్రాముల బంగారం 99.92 గ్రాములుగా కనిపిస్తుంది. కూరగాయల దగ్గర ఇది లెక్కలోకి రాదు గాని బంగారం దగ్గర వస్తుంది. కాటాను వాడే ఊళ్లోనే ప్రామాణిక తూకపురాళ్లతో సరిచేసి తీరాలని చెప్పడం వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంతే.

లోలకం నుంచి గ్రావిమీటరు దాకా

ఊరు మారితే గురుత్వం మారుతుందని మనుషులకు మొదట చెప్పినది గడియారమే. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకుపోయిన లోలకపు గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కొద్దిగా పొట్టి చేస్తే తప్ప అది సరికాలేదు. ఒక వైపు ఊగు ఒక సెకను పట్టే లోలకం నెల్లూరులో 99.1 సెంటీమీటర్లు ఉండాలి, ధ్రువం మీద 99.6 సెంటీమీటర్లు. మనకు దక్షిణాన ఉన్న మద్రాసులో 1821లో అక్కడి నక్షత్రశాల అధికారి జాన్ గోల్డింగ్‌హామ్ ఇలాంటి లోలకపు కొలతలు జరిపి, ఆ మరుసటి ఏడాది లండన్‌లో ప్రచురించాడు. 1865 నుంచి సర్వే శాఖ తరఫున కెప్టెన్ బసేవి భారతదేశం పొడవునా లోలకాలతో గురుత్వాన్ని కొలుస్తూ పోయి, 1871లో లద్దాఖ్ ఎత్తులలో ఆ పనిలోనే ప్రాణాలు విడిచాడు.

నెల్లూరులో సరిచేసిన లోలకపు గడియారాన్ని ఒంగోలుకు తీసుకుపోతే రోజుకు రెండు సెకన్లు ముందుకు పోవాలి. వినడానికి బాగుంటుంది గాని, ఉక్కు కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితేనే గడియారం రోజుకు అర సెకను వెనకబడుతుంది. రోహిణీ కార్తెలో ఒక్క మధ్యాహ్నం ఎండ చాలు ఆ తేడాను మింగేయడానికి. రెండు ఊళ్ల గురుత్వాలను విడదీసి చూపడం ఇంటి లోలకం వల్ల అయ్యే పని కాదు.

అలాంటి పనికి గురుత్వాన్ని సూక్ష్మంగా కొలిచే పరికరాలైన గ్రావిమీటర్లు కావాలి. ఇక్కడ మీ./సె² చాలా పెద్ద ప్రమాణం అవుతుంది కాబట్టి గెలీలియో పేరున గాల్ అనే ప్రమాణాన్ని వాడతారు: ఒక గాల్ అంటే 1 సెం.మీ./సె², అందులో వెయ్యో వంతు మిల్లిగాల్. ఈ లెక్కన నెల్లూరుకూ ఒంగోలుకూ తేడా దాదాపు 48 మిల్లిగాల్‌లు. స్ప్రింగుకు వేలాడదీసిన చిన్న బరువు ఎంత దిగిందో చూసే గ్రావిమీటరు మిల్లిగాల్‌లో వందో వంతును కూడా పసిగడుతుంది. పరికరాన్ని మూడు సెంటీమీటర్లు పైకెత్తితే వచ్చే తేడా అది. అయితే ఇది రెండు చోట్ల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది. అసలు విలువ కావాలంటే శూన్యగొట్టంలో ఒక అద్దాన్ని వదిలి, అది పడే దూరాన్ని లేజరుతోనూ కాలాన్ని పరమాణు గడియారంతోనూ కొలిచే పరికరం ఉంది. రాయిని వదిలి కొలవడం చేత్తో కుదరదని పైన చెప్పుకున్నాం గాని, ఈ యంత్రం ఆ పద్ధతితోనే వంద కోట్లలో కొన్ని వంతుల దాకా సరిగా చెబుతుంది.

ఇంత సూక్ష్మంగా కొలవగలిగినప్పుడు గ్రావిమీటరు నేల కింద ఏముందో చెప్పే సాధనమవుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గ్రానైటు పేరుతో అమ్ముడయ్యే బ్లాక్ గెలాక్సీ రాయి నిజానికి గాబ్రో జాతిది. గ్రానైటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు ఉంటే గాబ్రోది 3 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. అలాంటి బరువైన రాయి విశాలంగా పరచుకుని ఒక కిలోమీటరు మందాన ఉందనుకుంటే, దాని మీద గురుత్వం పక్క నేలకన్నా 15 మిల్లిగాల్‌లు ఎక్కువగా ఉంటుంది. గ్రావిమీటరుకు అది చాలా పెద్ద తేడా. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దేశం మొత్తానికి గురుత్వ పటాలు తయారుచేసింది ఇలాంటి కొలతలతోనే.

ఆ పరికరంతో పొలాల్లో తిరిగేవారు పాటించే క్రమం కూడా తెలుసుకోదగినది. పొద్దున ఒక స్థిరమైన చోట, అంటే ఏ రైల్వే స్టేషను అరుగు మీదనో పాత గుడి మెట్టు మీదనో, మొదటి కొలత తీసుకుని బయలుదేరుతారు. స్ప్రింగు గంటగంటకూ కొద్దికొద్దిగా సాగుతుంటుంది కాబట్టి కొన్ని గంటలకొకసారి అదే చోటికి తిరిగివచ్చి మళ్లీ కొలిచి, మధ్యలో వచ్చిన తేడాను అన్ని కొలతలకూ కాలాన్ని బట్టి పంచుతారు. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల ఒకే చోట గురుత్వం రోజులో మిల్లిగాల్‌లో నాలుగో వంతు దాకా మారుతుంది, అమావాస్యకూ పౌర్ణమికీ ఈ మార్పు హెచ్చుగా ఉంటుంది కనుక దానిని కూడా లెక్కగట్టి తీసివేస్తారు. తరువాత అక్షాంశానికి, ఎత్తుకు, చుట్టుపక్కల కొండలకు సవరణలు చేస్తారు. ఇవన్నీ పోగా మిగిలిన అంకే నేల అడుగున ఉన్న రాయిని గురించి చెబుతుంది.